పైకి కనిపించని మూర్ఛ

మూర్ఛ అనగానే మనకు తట్టే దృశ్యం ఒక్కటే. మనిషి నేల మీద పడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఉంటాడు, నోట నురగ వస్తుంది, ఎవరో పరుగెత్తుకొచ్చి గుప్పిట్లో తాళాల గుత్తి పెడతారు. ఐసీయూ మంచం మీద వచ్చే మూర్ఛ చాలాసార్లు ఇలా ఉండదు. మెదడులో రక్తస్రావమై, ఆపరేషన్ ముగిసి, వెంటిలేటర్ మీద ఉన్న రోగి కదలకుండా పడుకునే ఉంటాడు. ఎడమచేతి బొటనవేలు అప్పుడప్పుడు అదురుతుంది. రెప్ప ఎత్తి చూస్తే కనుగుడ్లు రెండూ ఒక పక్కకే లాగినట్టు ఉంటాయి. ఒక్కోసారి అదీ ఉండదు. బయట బెంచీ మీద కూర్చున్న భార్యకు ‘మత్తు ఇంకా దిగలేదమ్మా’ అనే జవాబు దొరుకుతుంది. లోపల ఆ మెదడు గంటల తరబడి మూర్ఛలోనే ఉండిపోవచ్చు.

2004లో న్యూయార్క్ వైద్యులు ప్రకటించిన లెక్క ఇప్పటికీ కలవరపెడుతుంది. మూర్ఛ అనుమానంతోనో, స్పృహ ఎందుకు తప్పిందో తేలకనో నిరంతరం ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాలను గీతలుగా నమోదు చేసే పరీక్ష) తీసిన 570 మందిలో 19 శాతానికి మూర్ఛలు బయటపడ్డాయి. వారిలో 92 శాతం మందికి వచ్చినవి పైకి కనిపించని మూర్ఛలే. మూర్ఛలు పట్టుబడిన కోమా రోగుల్లో ఐదింట ఒక వంతు మందికి, మొదటిది దొరకడానికే 24 గంటలకు పైగా పట్టింది.

మన ఆసుపత్రుల్లో ఈఈజీ అంటే ఏమిటి? పగటిపూట, విడిగా ఒక గదిలో, అరగంట పరీక్ష. టెక్నీషియన్ టేపుతో తల కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, ఇరవైకి పైగా తీగలు అతికిస్తాడు. ఆ గీతలు చదవగలిగేది నరాల వైద్యుడు. సాయంత్రం గది తలుపు మూస్తే మళ్లీ తెరిచేది మర్నాడే. 24 గంటలకు పైగా కనిపెట్టుకుని ఉంటే తప్ప దొరకని దొంగను అరగంటలో పట్టాలని చూస్తున్నాం.

బెంగళూరులోని తెలుగువారికి ఈ ఆలస్యం ఖరీదు బాగా తెలుసు. హిందూపురం, కదిరి, మదనపల్లె, అనంతపురం నుంచి అర్ధరాత్రి ఫోను మోగితే సగం సార్లు అడిగేది ఒకటే: ‘నిమ్హాన్స్‌లో బెడ్ దొరుకుతుందా?’ మానసిక, నరాల జబ్బులకు వైద్యం చేసే, 1974లో ఏర్పడిన ఆ బెంగళూరు సంస్థ కర్ణాటకకే కాదు, రాయలసీమకూ ఆఖరి ఆశ. హోసూరు రోడ్డు వైపు తిరిగే అంబులెన్సుల్లో ఎన్నో ఆంధ్ర నంబర్లు కనిపిస్తాయి. హిందూపురం నుంచి దాదాపు వంద కిలోమీటర్లు, అనంతపురం నుంచి రెండు వందల పైచిలుకు. ఒళ్లంతా కొట్టుకునే మూర్ఛ ఐదు నిమిషాలు దాటితే అత్యవసర చికిత్స మొదలుపెట్టాలని, అరగంట దాటితే మెదడుకు శాశ్వత నష్టం జరగవచ్చని వైద్యశాస్త్రం చెబుతోంది. ఎంత సాగితే అంతగా మందుకు లొంగని గుణం మూర్ఛది. కనిపించే మూర్ఛకే ఇంత తొందర అవసరమైనప్పుడు, కనిపించని దాన్ని జిల్లా ఆసుపత్రి నుంచి నగరం దాకా ఎవరూ గమనించకుండా మోసుకురావడం అన్యాయం.

అందుకే మంచం పక్కనే మెదడును కనిపెట్టి ఉండే యంత్రాలను మేము స్వాగతిస్తున్నాం. 1924లో జర్మనీలోని యెనాలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడు తరంగాలను తొలిసారి నమోదు చేశాడు. ఆ గీతల్లో మూర్ఛ జాడలను గుర్తుపట్టడం కంప్యూటరుకు నేర్పే పనిని మాంట్రియల్‌లో జాన్ గోట్‌మన్ 1970లలోనే చేపట్టాడు. ఇప్పుడు పది ఎలక్ట్రోడ్లున్న పట్టీని నర్సే నిమిషాల్లో తలకు చుట్టగలదు. సాఫ్ట్‌వేర్ రాత్రంతా తరంగాలను చూస్తూ, మూర్ఛలా తోస్తే మోగుతుంది. స్టాన్‌ఫర్డ్ నరాల వైద్యుడు జోసెఫ్ పర్విజీ, సంగీతకారుడు క్రిస్ చేఫ్ మరో దారి పట్టారు: తరంగాలను ధ్వనిగా మార్చారు. ఈఈజీ చదవడం రాని నర్సులూ వైద్య విద్యార్థులూ ఆ ధ్వని విని మూర్ఛను చాలావరకు గుర్తించగలిగారు. చెవితో విని మెదడు బాధ తెలుసుకోవడమన్న ఆలోచనే మమ్మల్ని ఎంతో కదిలించింది.

అయితే పరికరం కొనగానే పని అయిపోతుందనుకునే అధికారులకు ఒక మాట. స్విట్జర్లాండ్‌లో 364 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. నిరంతర ఈఈజీతో దాదాపు 16 శాతం మందిలో మూర్ఛలు దొరికితే, కొద్దిసేపే తీసే ఈఈజీతో 4 శాతం మందిలోనే దొరికాయి. ఆరు నెలల తర్వాత మరణాలు మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు సమానం. దీన్ని చూపించి యంత్రం వద్దనేవారితో మేము ఏకీభవించం. మూర్ఛను పట్టుకోవడం వేరు, పట్టుకున్న వెంటనే తగిన మందు పడడం వేరు. రెండోది మనుషుల పని. రాత్రి రెండింటికి అలారం మోగినప్పుడు ఆ గీతలు చూసి ‘ఇది మూర్ఛే, మందు ఇవ్వండి’ అని చెప్పే వైద్యుడు ఫోనులోనైనా అందుబాటులో ఉండాలి.

యంత్రం పొరబడుతుంది కూడా. కఫం కదలడానికి వీపు మీద లయగా తట్టినా, రోగి దవడ ఆడించినా అది మూర్ఛ అనుకోవచ్చు. అలారం నమ్మి అనవసరంగా మత్తుమందులు ఎక్కిస్తే ఊపిరి మందగిస్తుంది. పదిసార్లు వృథాగా మోగితే పదకొండోసారి ఎవరూ రారు. మన దగ్గర ఇంకో చిక్కుంది. ఈఈజీకి వచ్చేవారిని తలస్నానం చేసి, నూనె రాసుకోకుండా రమ్మంటారు. అత్యవసరంగా తెచ్చిన ముసలమ్మ జడ నిండా కొబ్బరినూనె ఉంటే పట్టీ సరిగా అంటదు, గీతలు చెదిరిపోతాయి. మెదడులో బద్దెపురుగు తిత్తులు, క్షయ మెదడువాపు వంటి మన జబ్బులున్న రోగుల మీదా ఈ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి, ఫలితాలను బయటపెట్టాలి. 2020 ఏప్రిల్ నుంచి సాఫ్ట్‌వేర్ సహా వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి గనుక అడిగే అధికారం ప్రభుత్వానికి ఉంది.

నిమ్హాన్స్, కర్ణాటక ఆరోగ్యశాఖ 2022లో చేపట్టిన బ్రెయిన్ హెల్త్ ఇనిషియేటివ్ జిల్లా వైద్యులకు శిక్షణనిస్తోంది. ఆ దారినే ఈ పట్టీలూ వెళ్లాలి. మొదట కావలసింది నగరంలోని పెద్ద ఆసుపత్రులకు కాదు, రోగి మొదటి రాత్రి గడిపే కోలారు, చిక్కబళ్లాపురం, హిందూపురం, మదనపల్లె మంచాలకు. అక్కడి తరంగాలను బెంగళూరులో రాత్రి విధుల్లో ఉన్న వైద్యుడు చూడాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు కూర్చుని ఒప్పందం చేసుకుంటే ఇది అసాధ్యమేమీ కాదు. ఆయుష్మాన్ భారత్, ఎన్టీఆర్ వైద్యసేవ ప్యాకేజీల్లోనూ ఈ పర్యవేక్షణకు చోటు ఉండాలి.

అవి వచ్చేదాకా పైసా ఖర్చు లేని పని ఒకటుంది. చూడటానికి లోపలికి వెళ్లిన ఐదు నిమిషాల్లో బొటనవేలి అదురును పట్టేది తరచుగా ఇంటివారే. ఆ మాట చెబితే ‘అవి మామూలే, మీరు బయట కూర్చోండి’ అని పంపేయడం వెంటనే మానాలి. నర్సు నింపే చార్టులోనే ఒక గడి పెట్టి, ఏ చెయ్యి, ఎన్ని గంటలకు, ఎంతసేపు అని ఇంటివారిని వారి భాషలో అడిగి రాసుకోవాలి.