మీరు తెచ్చినప్పుడే అలా ఉంది

రిపేరుకు ఇచ్చిన కారును ఇంటికి తెచ్చుకున్నాక తలుపు మీద కొత్త గీత కనిపిస్తుంది. ఫోన్ చేసి అడిగితే దాదాపు ఎక్కడైనా వచ్చే జవాబు ఒకటే: "మీరు తెచ్చినప్పుడే అలా ఉంది." ఇక ఆ తర్వాత మాట్లాడటానికి ఏమీ ఉండదు. గీత ముందు లేదని యజమానికి తెలుసు, కానీ రుజువు లేదు. బిల్లు అప్పటికే కట్టేశారు, ఎందుకంటే కట్టకపోతే తాళాలు చేతికి రావు.

బిల్లు భారం ఒక బాధ, పాడుచేసి ఇవ్వడం మరో బాధ అని మనం విడివిడిగా తిట్టుకుంటాం. నా ఉద్దేశంలో రెండింటి మూలం ఒక్కటే. పని మనం చూడని చోట జరుగుతుంది. చూసినా అది సరిగ్గా జరిగిందో లేదో తేల్చుకోలేం. మైకేల్ డార్బీ, ఎడీ కార్నీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1973లోనే దీని గురించి రాశారు. కొన్ని వస్తువుల మంచిచెడ్డలు కొనే ముందే తెలుస్తాయి, కొన్నింటివి వాడాక తెలుస్తాయి. మూడో రకం సరుకు ఉంది, వాడాక కూడా అది మనకు నిజంగా అవసరమైందో లేదో తెలియదు. అందుకు వాళ్లు తీసుకున్న ఉదాహరణల్లో కారు రిపేరు ఒకటి. జబ్బేమిటో చెప్పేదీ, మందు అమ్మేదీ ఒకే మనిషి అయినప్పుడు బేరం సమానంగా ఉండదు.

ముందు బిల్లు సంగతి చూద్దాం. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లన్నింటిలో ఓబీడీ-2 అనే తనిఖీ వ్యవస్థ తప్పనిసరైంది, తర్వాత మిగతా దేశాలూ అదే దారి పట్టాయి. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగితే మెకానిక్ స్కానర్ పెడతాడు. ఉదాహరణకు పీ0420 అనే కోడ్ వచ్చిందనుకోండి. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం ఉండాల్సిన దానికంటే తగ్గినట్టుంది అని మాత్రమే దాని అర్థం. కన్వర్టర్ చెడిపోయిందని కాదు. సెన్సర్ పాతబడినా, సైలెన్సర్ గొట్టంలో లీకు ఉన్నా, ఇంజిన్ మిస్ అవుతున్నా అదే కోడ్ రావచ్చు. కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి కాబట్టి కారులో ఎక్కువ ధర పలికే పార్టుల్లో అదొకటి. "మార్చి చూద్దాం" అంటారు. మారుస్తారు. కొన్నాళ్లకు లైటు మళ్లీ వెలుగుతుంది. ఈసారి సెన్సర్ మారుస్తారు. అవసరం లేని పార్టు డబ్బు ఎవరూ తిరిగి ఇవ్వరు.

ఇదంతా మోసమే అనుకోనక్కర్లేదు. కూలి లెక్కగట్టే పద్ధతే మనిషిని అటు నెడుతుంది. చాలా వర్క్‌షాపుల్లో ప్రతి పనికీ ఇన్ని గంటలని ముందే రాసి ఉంటుంది. మూడు గంటల పనిని రెండు గంటల్లో ముగించినవాడికీ మూడు గంటల కూలే, అయిదు గంటలు పట్టినవాడికీ మూడు గంటల కూలే. పార్టు మార్చడానికి గంటలు రాసి ఉంటాయి. లోపం ఎక్కడుందో ఓపికగా వెతకడానికి మాత్రం ఏమీ ఉండదు, ఉన్నా కొద్దిగా ఉంటుంది. ఆలోచనకు విలువ కట్టని చోట స్పేర్ పార్టులే అమ్ముడవుతాయి. అందుకే ఉచిత తనిఖీ అన్న బోర్డు చూస్తే నాకు సంతోషం కాదు, అనుమానం కలుగుతుంది. తనిఖీకి విడిగా డబ్బు తీసుకుని, ఏం పరీక్షించారో, ఏం తేలిందో కాగితం మీద రాసి ఇచ్చే షెడ్డు చివరికి చవక అవుతుంది.

ఇక అజాగ్రత్త. అది కూడా ఆ గంటల లెక్క నుంచే పుడుతుంది. చక్రాల నట్లే చూడండి. మామూలు చిన్న కారుకు వాటిని 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల (బిగింపు బలాన్ని కొలిచే ప్రమాణం) దాకా బిగిస్తే చాలు, కచ్చితమైన అంకె ఆ కారు మాన్యువల్‌లో ఉంటుంది. గాలి ఒత్తిడితో నట్లు తిప్పే గన్‌తో అంతకు ఎన్నో రెట్లు బిగించవచ్చు. ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎంత బలంతో బిగించామో చూపే టార్క్ రెంచ్‌తో బిగించడానికి పట్టేది కొద్ది నిమిషాలే, అయినా ఆ కొద్ది నిమిషాలను మిగుల్చుకుంటారు. ఫలితంగా నట్లు ఎక్కే స్టడ్లు (మరల కడ్డీలు) సాగుతాయి, బ్రేక్ డిస్కు సమంగా కూర్చోక పెడల్ వణుకుతుంది. అన్నింటికన్నా దారుణం, రాత్రి రోడ్డు మీద పంక్చర్ అయినప్పుడు కారుతో వచ్చిన పానాతో ఎంత బలం పెట్టినా నట్టు ఊడదు. ఆ బండిలో ఎవరున్నారో, అది ఏ చోటో గన్ నొక్కినవాడికి తెలియదు.

ఆయిల్ మార్చేటప్పుడూ ఇంతే. చాలా ఇంజిన్లకు కింద ఉండే ఆయిల్ చాంబర్ అల్యూమినియంది, డ్రెయిన్ బోల్టు ఉక్కుది. అతిగా బిగిస్తే మెత్తటి లోహంలో మరలు పోతాయి. ఆ రోజు ఏమీ కనిపించదు. తర్వాతి సర్వీసులో ఇంకొకరు విప్పినప్పుడు బయటపడుతుంది, నింద అతని మీద పడుతుంది. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండగా దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే దారిలో ఆయిలంతా కారిపోయి ఇంజినే పోవచ్చు. తలుపు లోపలి ప్యానెల్ ఊడదీసినప్పుడు విరిగిన ప్లాస్టిక్ క్లిప్పుల బదులు కొత్తవి వేయరు, ఇక ఆ తలుపు ఎప్పటికీ కటకటమంటూనే ఉంటుంది. బ్రేక్ ఆయిల్ చుక్క పడి వెంటనే కడగకపోతే పెయింట్ లేచిపోతుంది. కొన్ని కొత్త కార్లలో ముందు అద్దం వెనుక కెమెరా ఉంటుంది. అద్దం మార్చాక దాన్ని మళ్లీ సరిచూసి సెట్ చేయాలి. ఆ పని ఎగ్గొడితే కంటికి ఏమీ తెలియదు, తనంతట తాను బ్రేకు వేయాల్సిన వ్యవస్థ మాత్రం దూరాన్ని తప్పుగా కొలుస్తుంది. అందంకోసం పట్టుబట్టే యజమాని చాదస్తమని దీన్ని కొట్టిపారేయడానికి లేదు.

వీటిలో చాలావరకు తాళాలు తీసుకునేటప్పుడు కనబడేవి కావు. నెలల తర్వాత తేలతాయి. అప్పటికి ఎవరి చేతిలో పాడైందో ఎవరూ చెప్పలేరు.

మెకానిక్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. తుప్పుపట్టిన బోల్టు ఎంత జాగ్రత్తగా విప్పినా విరగొచ్చు. కొన్ని కార్లలో హెడ్‌లైటు బల్బు మార్చాలంటే బంపర్ విప్పాలి, ఆ తప్పు డిజైన్ చేసినవాడిది. మరమ్మతు సమాచారాన్ని తయారీదారులు తమ దగ్గరే ఉంచుకోవడం మీద పెద్ద పోరాటమే జరిగింది. అమెరికాలోని మసాచుసెట్స్ ఓటర్లు 2012లో, మళ్లీ 2020లో ఆ సమాచారం బయటి షెడ్లకూ దక్కాలని తీర్పు ఇచ్చారు. కాబట్టి విరగడాన్ని నేను తప్పుపట్టడం లేదు. విరిగిందని ఫోన్ చేసి చెప్పకుండా దాచి బిగించడాన్ని తప్పుపడుతున్నాను.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇంగ్లిష్ కామన్ లా సంప్రదాయంలో ఒకరి వస్తువును ఇంకొకరు కొంతకాలం తమ అధీనంలో ఉంచుకోవడాన్ని బెయిల్‌మెంట్ అంటారు. వస్తువు బాగున్న స్థితిలో ఇచ్చి, పాడై తిరిగొచ్చిందని యజమాని చూపిస్తే, తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపించాల్సిన బాధ్యత దాన్ని ఉంచుకున్నవారిది. కౌంటర్ దగ్గర మాత్రం ఇది తలకిందులవుతుంది, రుజువంతా మననే తెమ్మంటారు. మనం చూపించాల్సింది ఇచ్చేనాటి స్థితి ఒక్కటే. అందుకు వెలుతురులో నాలుగు వైపులా, చక్రాలకూ, సీట్లకూ, డ్యాష్‌బోర్డు లైట్లకూ ఫోటోలు తీసి, పాత గీతలన్నీ జాబ్ కార్డులో, అంటే షెడ్డువాళ్లు పని వివరాలు రాసుకునే కాగితంలో, రాయించి ఇద్దరూ సంతకం చేయాలి. కారు అద్దెకిచ్చే సంస్థలు ఇదే పని చాలాకాలంగా చేస్తున్నాయి, ఎందుకంటే అక్కడ నష్టపోయేది సంస్థ. షెడ్డులో నష్టపోయేది కస్టమర్, అందుకే అడిగితే తప్ప చేయరు.

చట్టం ముందుకొస్తే పద్ధతి మారుతుంది. కాలిఫోర్నియాలో 1971 నాటి ఆటోమోటివ్ రిపేర్ యాక్ట్ కింద ఎస్టిమేట్ రాసివ్వాలి, దాన్ని దాటి ఖర్చు పెట్టాలంటే యజమాని అనుమతి తీసుకోవాలి, ముందే అడిగితే మార్చిన పాత పార్టులు చేతికివ్వాలి. పాత పార్టు చూపించాల్సి వస్తుందని తెలిస్తే మంచి పార్టును మార్చే చెయ్యి ఒక్కసారి ఆగుతుంది.

అయితే చట్టం కన్నా ముందు షెడ్డు యజమాని చేయగలిగింది ఒకటుంది. చాలాచోట్ల తిరిగొచ్చిన పనిని మెకానిక్ కూలి లేకుండా మళ్లీ చేయాలి, విరిగిన పార్టు ఖరీదు కొన్నిచోట్ల అతని జీతంలోనే కోస్తారు. అలాంటప్పుడు క్లిప్పు విరిగిందని అతను ఎందుకు చెబుతాడు? అదే రోజు చెప్పిన పొరపాటు ఖర్చు షెడ్డు భరించాలి, దాచి తర్వాత దొరికినదానికే జవాబు అడగాలి. కారు ఇచ్చే ముందు సర్వీస్ అడ్వైజర్‌ను నేను అడిగే మొదటి ప్రశ్న ఇప్పుడు ఎంతవుతుందని కాదు, ఇక్కడ ఏదైనా విరిగితే డబ్బు ఎవరు కడతారని.