సరుకు మనదే, దావా హక్కు మాత్రం కాదు: బిల్ ఆఫ్ లేడింగ్ కొత్త చట్టం విప్పని ముడి

ఓడలోకి ఎక్కించిన సరుకుకు ఓడ కంపెనీ ఇచ్చే రవాణా పత్రమే బిల్ ఆఫ్ లేడింగ్ (బీఎల్). 1856 నాటి భారత బిల్ ఆఫ్ లేడింగ్ చట్టం స్థానంలో 2025 జులైలో రాష్ట్రపతి ఆమోదంతో కొత్త చట్టం వచ్చింది. వలస కాలపు చట్టాన్ని వదిలించుకున్నామని ప్రభుత్వం చెప్పుకుంది. భాష తేలికైన మాట నిజమే. తగాదాలన్నీ పుట్టే వాక్యం మాత్రం దాదాపు అలాగే ఉండిపోయింది.

ఆ వాక్యం సారం ఇది. బీఎల్‌లో పేరున్న కన్‌సైనీకి (సరుకు అందుకోవాల్సినవారికి) గానీ, ఎండార్స్‌మెంట్‌తో (పత్రంపై సంతకం చేసి మార్చి ఇస్తే) దాన్ని పొందినవారికి గానీ, ఆ కన్‌సైన్‌మెంట్ లేదా ఎండార్స్‌మెంట్ కారణంగా సరుకు యాజమాన్యం బదిలీ అయితేనే ఓడ కంపెనీపై దావా వేసే హక్కు వస్తుంది. బీఎల్ మూడు అసలు ప్రతులూ బీరువాలో ఉన్నా సరిపోదు. యాజమాన్యం వచ్చిందని, అదీ ఆ బీఎల్ వల్లే వచ్చిందని రుజువు చేసుకోవాలి.

కాకినాడకు వచ్చే ముడి పామాయిల్‌నే తీసుకోండి. ఒక ట్యాంకర్‌లో 20,000 టన్నుల నూనె ఉందనుకుందాం. దానికి 5,000 టన్నుల చొప్పున నాలుగు బీఎల్‌లు, కొన్నవారు నలుగురు. ఓడ ట్యాంకుల్లో నూనె కలిసే ఉంటుంది, ఎవరి వాటా ఏదో చెప్పలేం. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, విడిగా గుర్తించనంతవరకు అలాంటి సరుకు యాజమాన్యం కొన్నవారికి రాదు. పూర్తి సొమ్ము కట్టేసినా అంతే. దారిలో నీళ్లు కలిసి నూనె పాడైతే, లేదా 300 టన్నులు తక్కువ దిగితే, నష్టపోయిన రిఫైనరీ దావా వేయగానే ఓడ యజమాని లాయరు అడిగే మొదటి ప్రశ్న: ‘నష్టం జరిగిన రోజున ఆ నూనె మీదేనా?’

ఇంగ్లండ్ కోర్టుల్లో ఇదే జరిగింది. ‘అరామిస్’ ఓడ కేసులో ఒకే రాశిగా వచ్చిన సరుకుపై బీఎల్‌లు ఉన్నవారు ఓడ యజమాని మీద గెలవలేకపోయారు. 1990లో తీర్పు వచ్చిన ‘డెల్ఫిని’ కేసులో సరుకు దిగిపోయాకే బీఎల్ కొన్నవారి చేతికి చేరింది. ఎండార్స్‌మెంట్ వల్ల యాజమాన్యం రాలేదు కాబట్టి దావా హక్కు లేదని కోర్టు తేల్చింది. ఈ రెండోది మనకు మరీ దగ్గరి సమస్య. ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడ వారం అటూ ఇటూగా వచ్చేస్తుంది, ఎల్‌సీ (బ్యాంకు చెల్లింపు హామీ) కాగితాలు మాత్రం బ్యాంకుల మధ్య తిరుగుతూ ఉంటాయి. డెమరేజ్ (ఓడను ఆలస్యం చేస్తే కట్టే రుసుము) భయంతో ఇండెమ్నిటీ లెటర్ (నష్టం వస్తే మేమే భరిస్తామన్న హామీ పత్రం) ఇచ్చి సరుకు దించుకుంటారు. ఆ తర్వాత చేతికొచ్చే బీఎల్ బలం ఎంత అన్నది మన కొత్త చట్టం చెప్పదు.

బ్యాంకుల పరిస్థితీ గట్టిది కాదు. బీఎల్‌ను తాకట్టుగా తీసుకున్న బ్యాంకుకు పూర్తి యాజమాన్యం బదిలీ కాదని 1884లోనే బ్రిటన్ ప్రభువుల సభ తేల్చింది. దాంతో బ్యాంకుకు రవాణా కిరాయి బాధ్యత తప్పింది, అదే తర్కంతో దావా హక్కూ పోతుంది. బీమా కంపెనీదీ ఇదే దారి. 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం 79వ సెక్షన్ కింద క్లెయిమ్ చెల్లించాక అది పాలసీదారు స్థానంలోకి వస్తుంది. అతనికే లేని హక్కు దానికి ఎక్కడి నుంచి వస్తుంది?

మన 1856 చట్టానికి మాతృక అయిన 1855 చట్టాన్ని బ్రిటన్ 1992లో రద్దు చేసింది. బీఎల్ చట్టబద్ధంగా ఎవరి చేతిలో ఉంటే వారికే దావా హక్కు, యాజమాన్యంతో నిమిత్తం లేదని బ్రిటన్ ఆ ఏడాది తెచ్చిన చట్టంలో రాసుకుంది. 1995లో తన సరుకుల విక్రయ చట్టాన్ని కూడా సవరించి, సొమ్ము కట్టినవారికి కలిసి ఉన్న రాశిలో ఉమ్మడి వాటా ఇచ్చింది. మనకు ఈ రెండూ కావాలి. ఆదేశాలు జారీ చేసే అధికారం మన కొత్త చట్టం కేంద్రానికి ఇచ్చింది గానీ, పార్లమెంటు ఇవ్వని దావా హక్కును ఆదేశంతో సృష్టించడం కుదరదు. ఎలక్ట్రానిక్ బీఎల్ సంగతి కూడా ఇంతే. బ్రిటన్ 2023లో దానికి కాగితం బీఎల్‌తో సమాన హోదా ఇస్తూ చట్టం చేసింది, మన చట్టంలో ఆ మాటే లేదు. చట్టాన్ని కొత్తగా రాసే అవకాశం వచ్చి కూడా చేజారిపోవడం బాధాకరం.

సవరణ వచ్చేలోగా దిగుమతిదారులు ఒప్పందం రాసుకునేటప్పుడే జాగ్రత్తపడాలి. మొదటిది, వీలైతే ఒక్కో బీఎల్‌కు విడి ట్యాంకు అడగాలి. ‘మూడో నంబరు పోర్ట్ (ఓడ ఎడమ వైపు), మూడో నంబరు స్టార్‌బోర్డ్ (కుడి వైపు) ట్యాంకుల్లోని సరుకు మొత్తం’ అని బీఎల్ మీదే రాయించుకుంటే 18వ సెక్షన్ అడ్డంకి తొలగుతుంది. విడి ట్యాంకుకు అదనంగా అడుగుతారు, అయినా దావా ఖర్చు ముందు అది తక్కువే. రెండోది, నష్టం జరిగాక అమ్మకందారు నుంచి దావా హక్కు రాయించుకుందామంటే కుదరదు. ఉత్త దావా హక్కును బదిలీ చేయడాన్ని ఆస్తి బదిలీ చట్టం 6(ఇ) సెక్షన్ నిషేధిస్తుంది. అందుకే కొనుగోలు ఒప్పందంలోనే, కొన్నవారు కోరితే అమ్మకందారు తన పేరుతో, కొన్నవారి తరఫున దావా వేయాలన్న షరతు పెట్టాలి. డబ్బు ముట్టిన అమ్మకందారుకు నష్టమేముందన్న ఎదురువాదన వస్తుంది, కాబట్టి ఈ షరతును పూర్తి రక్షణ అనుకోకూడదు.

ఇక గడువులు. పైకి కనిపించే నష్టానికి సరుకు తీసుకునేటప్పుడే, కనిపించనిదానికి మూడు రోజుల్లో క్యారియర్‌కు (ఓడ కంపెనీకి) రాతపూర్వక నోటీసు వెళ్లాలి. దావాకు గడువు సరుకు అందిన రోజు నుంచి, అసలు అందకపోతే అందాల్సిన రోజు నుంచి ఒక ఏడాది. దావా ఎవరి పేరుతో వేయాలో తేలనప్పుడు కొన్నవారు, అమ్మకందారు ఇద్దరి పేర్లతోనూ ఆ ఏడాదిలోపే వేయాలి. తప్పు పేరుతో వేసిన దావాను సరిదిద్దుకునేలోపు గడువు దాటిపోతే ఆ క్లెయిమ్ తిరిగి రాదు.