100కి 99

మోటారు వైబ్రేషన్‌ని బట్టి దాని బేరింగు బాగుందో పాడైందో చెప్పే ఏఐ మోడల్ ఒకటి తయారుచేస్తున్నాం. ఆ వైబ్రేషన్ డేటాని ఏ రూపంలో ఇస్తే మోడల్ బాగా నేర్చుకుంటుందో తేల్చే పని నా నెత్తిన పడింది. సెన్సర్ ఇచ్చిన అలని ఉన్నదున్నట్టు ఇవ్వచ్చు. ఎఫ్‌ఎఫ్‌టీ చేసి ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ఊపుందో చూపించచ్చు. మూడోది ఎన్వలప్ స్పెక్ట్రమ్, దీనికి చాకిరీ ఎక్కువ. బేరింగ్ రింగులో గుంట పడితే, బాల్ దాని మీదుగా దొర్లినప్పుడల్లా టిక్కుమంటుంది. ఆ దెబ్బకి లోహం కొన్ని వేల హెర్ట్జ్‌లో గణగణమంటుంది. ఆ పై బ్యాండునే వడగట్టి ఉంచుకుని, టిక్కులు సెకనుకి ఎన్నో లెక్కపెట్టాలి. మాది 6205 బేరింగు, 1480 ఆర్‌పీఎం. బయటి రింగులో గుంటయితే 88 హెర్ట్జ్ దగ్గర గీత లేవాలి.

మార్కులొచ్చాయి. ముడి అలకి 94, ఎఫ్‌ఎఫ్‌టీకి 99, ఎన్వలప్‌కి 86. చంకలు గుద్దుకున్నాను. ఎన్వలప్‌ని "పాతకాలపు పద్ధతి" అని రిపోర్టులో రెండు వాక్యాల్లో సాగనంపాను.

ఎఫ్‌ఎఫ్‌టీలో 50 దగ్గర పొడుగాటి గీత ఒకటి కనిపించిన మాట నిజమే. షాఫ్ట్ 24.7 హెర్ట్జ్‌లో తిరుగుతోంది, దానికి రెట్టింపు 49.3. షాఫ్ట్ వరస తప్పి బిగిస్తే (మిస్‌అలైన్‌మెంట్) రెట్టింపు దగ్గర గీత లేస్తుంది, అదే కాబోలు అనుకున్నాను. నేను కోసినవి ఒక్క సెకను ముక్కలు, వాటిలో 49.3నీ 50నీ విడదీసి చూడలేం. (కొత్తగా చేరినవాళ్లకి ఈ పాఠం చెప్పేది నేనే.)

డెమో రోజు పాడైన బేరింగు బిగించి మోటారు తిప్పాం. "బాగుంది" అంది మోడల్. మళ్లీ నొక్కాను. "బాగుంది." చెమటలు పట్టాయి. ఈలోగా బ్యాటరీ అయిపోవస్తోందని ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ తగిలించాను.

"బేరింగ్ పాడైంది!"

హమ్మయ్య అనుకునేలోపు మేనేజర్ గారు మోటారు ఆపించారు. చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. మోడల్ మాత్రం మాట మార్చలేదు.

అప్పుడు వెలిగింది. మంచి బేరింగు రికార్డింగులు పొద్దున, నిండు బ్యాటరీ మీద తీశాం. బేరింగు మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. పాడైనదాని రికార్డింగులన్నీ ఛార్జర్ పెట్టుకునే తీశాను. ఛార్జర్ ఎర్తుకీ సెన్సర్ ఎర్తుకీ మధ్య ఏర్పడ్డ చుట్టుదారి (గ్రౌండ్ లూప్) గుండా కరెంటు హమ్ 50 హెర్ట్జ్‌లో సెన్సర్ తీగలోకి దూరింది. మోడల్ శ్రద్ధగా నా ఛార్జర్ని నేర్చుకుంది.

"బేరింగు సంగతి అటుంచండి" అన్నారు మేనేజర్ గారు. "మీ ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉందో లేదో మాత్రం ఇది భలే చెబుతోంది."

పాత రికార్డింగుల్ని ఎన్వలప్‌లో మళ్లీ తెరిచాను. పై బ్యాండునే వడగడుతుంది కదా, హమ్ జాడే లేదు. 88 దగ్గర గీత నిక్కచ్చిగా నిలబడి ఉంది. రిపోర్టులో ఆ రెండు వాక్యాలు ఎక్కడున్నాయా అని వెతుకుతూ కూర్చున్నాను, ఛార్జర్ పీకేసి.