ఆ నెంబరుకు పూచీ ఎవరిది?

మా వీధిలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు మహా జాగ్రత్తపరుడు. బ్యాంకు నుంచి అంటూ ఫోనొస్తే ఆయన నమ్మలేదు. "ఒక్క నిమిషం ఉండండి" అని లైన్లోనే ఆపి, బీరువాలోంచి డెబిట్ కార్డు తీయించి, వెనక అచ్చేసిన కస్టమర్ కేర్ నెంబరును స్క్రీన్ మీద కనిపిస్తున్న నెంబరుతో అంకె అంకె సరిచూశారు. సరిపోయింది. ఆ తర్వాతే ఓటీపీ చెప్పారు. 84 వేలు పోయాయి. ఫిర్యాదు రాసుకున్న కానిస్టేబుల్ అడిగాడట: "నెంబరు బ్యాంకుదే కదండీ, ఎవరి మీద రాయమంటారు?"

వినడానికి ఎకసెక్కంలా ఉన్నా, కాలర్ ఐడీ స్పూఫింగ్ (తనది కాని నెంబరు కనిపించేలా ఫోన్ చేయడం) మీద వచ్చిన చట్టాలన్నీ కొట్టుమిట్టాడుతున్నది ఈ ప్రశ్న దగ్గరే.

ఫోన్ మోగినప్పుడు కనిపించే నెంబరు, పోస్టు కవరు మీద రాసే ఫ్రం అడ్రస్ లాంటిది. కాల్ మొదలైన చోట ఏ నెంబరు రాసి పంపితే, దారిలో ఉన్న ఎక్స్ఛేంజీలు దాన్నే ముందుకు తోస్తాయి. టెలిఫోన్ కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్న రోజుల్లో ఈ నమ్మకం చెల్లింది. ఇంటర్నెట్ కాలింగ్ వచ్చాక ఆ ఫ్రం అడ్రస్ ఎవడైనా రాసుకోవచ్చు.

అమెరికా మొదట అలా రాసినవాణ్ణి శిక్షించాలనుకుంది. 2010 డిసెంబరులో ఒబామా సంతకంతో ట్రూత్ ఇన్ కాలర్ ఐడీ చట్టం వచ్చింది. మోసం చేయాలనో, హాని చేయాలనో, అక్రమంగా లాభపడాలనో నెంబరు మారిస్తే ఒక్కో ఉల్లంఘనకు 10 వేల డాలర్ల దాకా జరిమానా. ఆ ఉద్దేశం లేకపోతే నేరం కాదు. సొంత సెల్ నుంచి మాట్లాడుతూ క్లినిక్ నెంబరు కనిపించేలా చేసుకునే డాక్టరుకో, భర్త వేధింపులకు పారిపోయి షెల్టర్‌లో ఉన్న ఆడమనిషికో ఈ వెసులుబాటు కావాలి కదా. చట్టం రాసిన తీరులో తప్పులేదు. కానీ దొంగ దొరకాలి, దొరికితే కట్టాలి. 9 కోట్ల 60 లక్షల రోబోకాల్స్ (మనిషి కాకుండా యంత్రం చేసే కాల్స్) చేయించిన అబ్రమోవిచ్ అనే వ్యక్తికి 2018లో 12 కోట్ల డాలర్ల జరిమానా వేశారు. ఇలాంటి కాల్స్ మీద 2015 నుంచి వేసిన జరిమానాలు 20 కోట్ల డాలర్లు దాటితే, వసూలైంది 6,790 డాలర్లని 2019లో వాల్ స్ట్రీట్ జర్నల్ లెక్క తేల్చింది. అచ్చుతప్పు కాదు, ఆరువేల ఏడువందల తొంభయ్యే.

అదే ఏడాది చివర వచ్చిన ట్రేస్డ్ చట్టం దారి మార్చింది. కాల్ మొదలైన చోట ఉన్న కంపెనీ "ఈ నెంబరు మా కస్టమర్‌దే" అని డిజిటల్ సంతకం పెట్టాలి. పెద్ద కంపెనీలకు 2021 జూన్ 30 గడువు. రోబోకాల్స్ ఆగిపోలేదు. కానీ దొంగ కాల్స్‌ను కళ్లు మూసుకుని మోసే కంపెనీతో మిగతా నెట్‌వర్కులు తెగతెంపులు చేసుకోవాల్సి వస్తుంది. జరిమానాకు లేని భయం దీనికి ఉంది.

మన దగ్గర 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలోని 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. ఫోన్ నెంబరు లాంటి టెలికాం ఐడెంటిఫైయర్‌ను ట్యాంపర్ చేస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కాగితం మీద గట్టిదే. అయితే నా లెక్కలో అంతకంటే ఎక్కువ పని చేసింది అదే ఏడాది అక్టోబరు 22న ప్రారంభించిన ఫిల్టర్. విదేశాల నుంచి వస్తూ +91 నెంబరు చూపించే దొంగ కాల్స్‌ను అది గేటు దగ్గరే ఆపేస్తుంది. మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ ఆగాయని కేంద్రం చెప్పింది. అలా వచ్చిన కాల్స్‌లో అది 90 శాతం.

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం, మరి అంతకుముందు రోజు సంగతేమిటి అనిపించింది. ఆ కాల్స్ ఆకాశంలోంచి ఊడిపడలేదు, ఆపరేటర్ల గేట్‌వేల గుండానే వచ్చాయి. విదేశీ కాల్‌ను అందించినందుకు మన ఆపరేటర్‌కు టెర్మినేషన్ చార్జీ ముడుతుంది, 2020 నుంచి నిమిషానికి 35 నుంచి 65 పైసలు. దొంగ కాల్ అయినా మనం ఎత్తితే మీటరు తిరిగినట్టే.

నష్టం మాత్రం మాస్టారిదే. 2017 జూలై నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, వివరాలు తనే చెప్పిన ఖాతాదారుదే నిర్లక్ష్యం. ఫిర్యాదు చేసేలోపు పోయిందంతా అతనే భరించాలి. కార్డు తీసి నెంబరు సరిచూసిన మనిషిది నిర్లక్ష్యమా, ఆ నెంబరును తనిఖీ లేకుండా ఆయన ఫోన్ దాకా మోసుకొచ్చినవాళ్లదా? సింగపూర్ 2024 డిసెంబరు 16 నుంచి కొన్ని రకాల ఫిషింగ్ (నకిలీ మెసేజీలతో వివరాలు లాగే) మోసాల్లో, తమ విధి సరిగా చేయని బ్యాంకు, ఆ తర్వాత టెలికాం కంపెనీ నష్టం భరించాలని నియమం పెట్టింది. టెలికాం బాధ్యత అక్కడా ఎస్ఎంఎస్‌ల వరకే, కాల్స్‌కు లేదు. అయినా ఆ మాత్రం పూచీ కూడా మన చట్టంలో నాకు కనిపించదు.

కాల్ చేసేవారి పేరు స్క్రీన్ మీద కనిపించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసింది. మంచిదే. కానీ ఆ పేరు నెంబరును బట్టే వస్తుంది. నెంబరు దొంగదైతే, దొంగకు బ్యాంకు పేరు కూడా మనమే తగిలించినట్టవుతుంది.

మాస్టారు ఆ కస్టమర్ కేర్ నెంబరును బ్లాక్ చేసేశారు. రేపు అసలు బ్యాంకు వాళ్లు కేవైసీ గడువు గురించి చేసినా ఆ ఫోన్ మోగదు.