ఆధారాలు నర్సులకేనా, నిర్వాహకులకు వద్దా?

నాలుగో రోజు ఉదయం. పెద్దాయన ఎడమ చేతికున్న కాన్యులా, అంటే మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం, బాగానే పనిచేస్తోంది. ఎరుపు లేదు, వాపు లేదు, నొక్కితే నొప్పి లేదు. అయినా ప్లాస్టర్ మీద పెన్నుతో రాసిన తేదీ చూసి నర్సు దాన్ని తీసేస్తుంది. కుడి చేతికి నరం వెతుకుతుంది. మొదటిసారి దొరకదు. రెండోసారి దొరికినట్టే దొరికి జారిపోతుంది. మూడో పోటుకి ఆయన మొహం గోడవైపు తిప్పుకుంటాడు. బాగున్నదాన్ని ఎందుకు తీశారంటే జవాబు రెండు ముక్కలే: "గడువు దాటింది."

ఈ గడువు నిజంగా అవసరమా అని పరీక్షించి చూసినవాళ్లలో ఒకరు క్లెయిర్ రికార్డ్, ఆస్ట్రేలియా నర్సు, పరిశోధకురాలు. క్వీన్స్‌లాండ్‌లోని మూడు ఆస్పత్రుల్లో 3,283 మంది రోగులను ఆమె బృందం రెండు గుంపులుగా విడగొట్టింది. ఒక గుంపుకి మూడో రోజున తప్పనిసరిగా కాన్యులా మార్చారు. రెండో గుంపుకి ఇబ్బంది కనిపిస్తేనే మార్చారు. ఫలితాలు 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. సిర వాచినవాళ్లు రెండు గుంపుల్లోనూ 7 శాతమే. అంటే గడువు పెట్టి మార్చడం వల్ల ఒరిగిందేమీ లేదు, అదనంగా పడ్డ పోట్లు తప్ప.

కథ అక్కడితో అయిపోతే ఈ వ్యాసం రాయాల్సిన పనిలేదు. 2018లో జెనీవా యూనివర్సిటీ ఆస్పత్రులు కూడా గడువు తీసేసి, అవసరమైతేనే మార్చే పద్ధతికి వచ్చాయి. కాన్యులా వల్ల రక్తానికి సోకే ఇన్ఫెక్షన్లు పెరిగాయి. 2019లో మళ్లీ గడువు పెట్టారు, అవి తగ్గాయి. 2021లో ఈ లెక్కలు బయటికొచ్చాక గడువు కావాలనేవాళ్లకు, వద్దనేవాళ్లకు మధ్య వాదన ముదిరింది. నాకైతే ఈ రెండు ఫలితాల్లో వైరుధ్యం కంటే ఒక హెచ్చరికే ఎక్కువ కనిపిస్తుంది. 'అవసరమైతేనే మార్చండి' అన్న మాటలో ఎవరో ఒకరు ప్రతి షిఫ్టులోనూ ఆ చేతిని పట్టుకుని చూస్తారన్న నమ్మకం దాగి ఉంది. పరిశోధన జరుగుతున్నప్పుడు చూసేవాళ్లు ఉంటారు. మామూలు రోజు, మామూలు వార్డులో ఉంటారా? తేదీ చూడటానికి క్షణం చాలు. చేయి చూడాలంటే ప్లాస్టర్ చుట్టూ తడమాలి, నొప్పి ఉందా అని అడగాలి, రోగి చెప్పేదాకా ఆగాలి.

నర్సింగ్‌లో ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్, అంటే పరిశోధనల్లో తేలిన ఆధారాలను బట్టి పనిచేయడం, గురించి ఎక్కడ మాట్లాడినా చివరికి ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది: నర్సులు చదవరు, పాత అలవాట్లు వదలరు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. ముక్కు ద్వారా వేసే ట్యూబు కడుపులోకి వెళ్లిందో లేదో చూడటానికి సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి గుడగుడ శబ్దం వినడం చాలామందికి అలవాటైపోయింది. ట్యూబు ఊపిరితిత్తిలో ఉన్నా అలాంటి శబ్దమే వినిపించవచ్చు. అందుకే ఈ పద్ధతిని నమ్మొద్దని బ్రిటన్‌లో 2005లోనే అధికారికంగా హెచ్చరించారు. ట్యూబు నుంచి తీసిన ద్రవం ఆమ్లత్వాన్ని పీహెచ్ పేపరుతో చూడాలి, అనుమానముంటే ఎక్స్‌రే తీయాలి. కానీ అర్ధరాత్రి పీహెచ్ పేపర్ల డబ్బా ఖాళీగా ఉంటే? చెవికి ధైర్యం చెప్పే ఆ శబ్దం మాత్రం ఎప్పుడూ స్టాకులోనే ఉంటుంది.

అమెరికాలోని మిషిగన్ అనుభవం ఇంకో సంగతి చెబుతుంది. అక్కడి నూటికి పైగా ఐసీయూల్లో సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిరదాకా వేసే గొట్టం) ఇన్ఫెక్షన్లు తగ్గించడానికి ఐదు పనులు తప్పనిసరి చేశారు. చేతులు కడుక్కోవడం, రోగిని పూర్తిగా స్టెరైల్ గుడ్డతో కప్పడం, క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం, వీలైనంతవరకు తొడ దగ్గర లైన్ వేయకపోవడం, అక్కర్లేని లైన్ తీసేయడం. ఇందులో కొత్త విషయం ఒక్కటీ లేదు. 2006లో ఫలితాలు వచ్చేసరికి ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి. జనం చెక్‌లిస్టును మెచ్చుకున్నారు. నిజానికి కొత్తదనం ఇంకోచోట ఉంది. అత్యవసరమైతే తప్ప, డాక్టరు ఒక మెట్టు దాటేస్తే 'ఆగండి' అనే అధికారం నర్సుకి ఇచ్చారు, ఆ మాటకు పైవాళ్లు అండగా నిలబడ్డారు. ఆ అధికారం ఇవ్వకుండా కాగితం ఒక్కటే అతికించుకున్న చోట గోడకు ఇంకో పోస్టర్ పెరుగుతుంది, అంతే.

ఇక అందరూ పక్కన పెట్టే ఆధారం దగ్గరికి వద్దాం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రుల్లో శస్త్రచికిత్స రోగుల వివరాలు పరిశీలించి నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ఒక లెక్క తేల్చింది. ఒక నర్సు చూసుకునే రోగుల్లో ఒక్కరు పెరిగినా, 30 రోజుల్లోపు మరణించే ముప్పు 7 శాతం పెరుగుతోంది. 2014లో తొమ్మిది యూరప్ దేశాల్లో చూస్తే మళ్లీ అదే 7 శాతం. ఇవి పరిశీలన అధ్యయనాలే, కారణాన్ని ఖాయంగా చెప్పలేవని నిర్వాహకులు అంటారు. సరే, ఒప్పుకుందాం. మరి 2016లో క్వీన్స్‌లాండ్ చట్టం చేసి, పగలు సగటున నలుగురు రోగులకు ఒక నర్సు, రాత్రి ఏడుగురికి ఒకరు ఉండాలంది. అమలైన ఆస్పత్రుల్లో మరణాలు తగ్గాయి, డిశ్చార్జి అయ్యాక తిరిగి చేరేవాళ్లు పెరగలేదు. ఆదా అయిన సొమ్ము అదనపు నర్సుల ఖర్చుకు రెట్టింపు పైనే అని 2021లో లాన్సెట్‌లోనే వచ్చింది. ఇంత బలమైన ఆధారం మందు గురించి దొరికితే మరుసటి నెలకల్లా ప్రోటోకాల్ మారిపోయేది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే మనకు దీపం గుర్తొస్తుంది. ఆమె లెక్కల మనిషి కూడా. క్రిమియా యుద్ధంలో గాయాల కంటే రోగాలతోనే ఎక్కువమంది సైనికులు చనిపోయారని 1858లో రంగుల చిత్రపటాలతో చూపించారు. ఆ చిత్రపటాలు చూసి మారాల్సింది వార్డులో నర్సులు కాదు, మురుగు కాలువలకు, గాలి వెలుతురుకు బాధ్యులైన ప్రభుత్వం. ఇప్పుడు ఆధారాలు ఎక్కువగా కిందికే ప్రవహిస్తున్నాయి. ఖర్చులేని ఆధారం రెండో రోజుకే సర్క్యులర్ అవుతుంది. ఖర్చయ్యే ఆధారం ఫైలులో ఉంటుంది.

ఆడిట్ ఫారం ఒకసారి తిరగేసి చూడండి. చేతులు కడిగారా, కాన్యులా మీద తేదీ రాశారా, బెడ్‌సోర్ (పడక పుండు) ముప్పు స్కోరు నింపారా, అన్నిటికీ గళ్లున్నాయి. ఆ షిఫ్టులో ఆ నర్సు చేతిలో ఎంతమంది రోగులున్నారో రాయడానికి మాత్రం చాలా ఫారాల్లో గడి కనిపించదు.