ఆదివారం మెసేజ్ గారికి

మహారాజశ్రీ వీకెండ్ టెస్ట్ మార్కుల మెసేజ్ గారి సముఖమునకు,

ఇంటరు రెండేళ్ళూ మావాడి కాలేజీ హాస్టల్ నుంచి ఆదివారం రాత్రి ఎనిమిదింటికి మా ఫోన్లో టింగుమని దిగిన మీకు నమస్కారాలు. మీరొచ్చేదాకా మా ఇంట్లో కంచాలు పెట్టేవాళ్ళం కాదు. ర్యాంకు రెండంకెల్లో ఉంటే ఆ పూట పప్పులోకి నెయ్యి. మూడంకెలైతే మా ఆయన మజ్జిగ దాకా రాకుండానే చెయ్యి కడిగేసుకునేవారు.

మావాడి యూనిఫాం కుట్టిన టైలరు కూడా మీరు తీసినన్ని కొలతలు తియ్యలేదు. 300కి ఎన్ని, అందులో మైనస్‌లు ఎన్ని, సెక్షన్లో ఎన్నోవాడు, అన్ని బ్రాంచీలూ కలిపితే ఎన్నోవాడు, స్టడీ అవర్‌కి బెల్లు కొట్టిన ఎన్ని నిమిషాలకి వేలిముద్ర వేశాడు. పైగా చివర్లో 'చదువుపై శ్రద్ధ' అని ఒక గడి. అందులో ఎప్పుడూ ఎక్సలెంటే. వాడు మూడు రోజులు జ్వరంతో సిక్ రూములో పడుకున్న వారం కూడా ఎక్సలెంటే! ఒళ్ళు కాలిపోతున్నా శ్రద్ధ తగ్గలేదని మురిసిపోయాం. జ్వరం సంగతి తర్వాతెప్పుడో తెలిసింది. దానికి మీ దగ్గర గడి లేదు కదా.

ఫస్టియర్లో 470కి 461 వచ్చాయి. సంస్కృతంలో 100కి 99. దేవనాగరిలో నీ పేరు రాయరా అంటే నా మొహం చూశాడు. సెకండియర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో 30కి 30. వెర్నియర్ కాలిపర్స్‌ని వాడు చూసింది రికార్డు బుక్కులో బొమ్మగానే. ఆ బొమ్మ కూడా సంక్రాంతి సెలవుల్లో రాత్రి పదకొండింటికి కూర్చుని వాళ్ళ నాన్న వేశారు. న్యాయంగా ఆ 30 మా ఆయనవి.

తెలంగాణలో ఎంసెట్‌కి ఇంటరు మార్కుల 25 శాతం వెయిటేజీ ఎత్తేశారు. ఇక ఆ 461 ఎందుకు పనికొచ్చాయంటే, మా సందు మొదట్లో కట్టిన ఫ్లెక్సీకి. వానకి అది చిరిగితే, ఇప్పుడు పక్కింటివాళ్ళ బండికి కవరు. మావాడి మొహం సరిగ్గా సీటు మీదికొచ్చింది.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, మావాడు ఇంజనీరింగ్‌లో చేరి వారమైంది. అక్కణ్ణుంచి మీలాంటి మెసేజ్ ఏదీ రావట్లేదు. ఆదివారం ఎనిమిది దాటినా ఫోన్ మోగకపోతే ఏం చెయ్యాలో తెలీక మేమే వాడికి చేశాం. గొంతు నీరసంగా ఉంది.

"అన్నం తిన్నావా నాన్నా?"

"లేదమ్మా."

"ఏం, మెస్సులో పెట్టలేదా?"

"పెట్టే ఉంటారు. ఇక్కడ బెల్లు కొట్టరమ్మా."

ఇట్లు,
మీ రిజిస్టర్డ్ మొబైల్ నంబరు