సిరాబుడ్డి గారికి, మోకాలు విరిగిన విన్నపం

మహారాజశ్రీ ప్యానెల్ లైన్ సిరాబుడ్డి గారి సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. మీరూ మూత బిగించుకుని బల్ల మూలన క్షేమంగానే ఉన్నారు, కనబడుతూనే ఉన్నారు. క్షేమంగా లేనివాడు మన మూడోవాడు, నేను ముక్కముక్కా కూర్చి నిలబెట్టిన గన్‌ప్లా, అంటే గండమ్ అనే రోబో ప్లాస్టిక్ బొమ్మ. తల నుంచి ఎడమ తొడ దాకా ఒక ముక్కగా, ఆ కింది కాలు ఇంకో ముక్కగా, తాను వచ్చిన అట్టపెట్టె మూతలోనే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మూత మీది బొమ్మలో మాత్రం ఇంకా కత్తి దూస్తూనే ఉన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఏం జరిగిందో మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు. అయినా చెప్తాను. ఆ రోజు నుంచి ఎవరితో ఏ మాట మొదలుపెట్టినా చివరికి ఆ మోకాలి దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. ఇంట్లోవాళ్లు వినడం మానేశారు. వినడానికి ఇక మీరే మిగిలారు.

ఆరు వారాల పని. ఇక కవచాల మీది సన్నని గాడి గీతల్లో, అంటే ప్యానెల్ లైన్లలో, సిరా దింపి, మెరుపు తగ్గించే మ్యాట్ టాప్‌కోట్ కొడితే అయిపోయినట్టే. మిమ్మల్ని బాగా కుదిపాను. మూత తిప్పాను. మూతకే అంటుకుని ఉండే ఆ సన్నని కుంచెను బుడ్డి అంచుకు రెండుసార్లు ఒత్తాను. మోకాలి కవచం మీద రెండు గీతలు కలిసే మూల చూసుకుని మొన ఆనించాను. అంతే, మీరు బయల్దేరారు. నేను తోయలేదు, లాగలేదు. వెంట్రుకంత గాడిలో ఎక్కడా పొర్లకుండా, మూల వచ్చినచోట మలుపు తిరిగి, కవచం చుట్టూ తిరిగొచ్చి బయల్దేరిన చోటికే చేరారు. అప్పటిదాకా తెల్లటి బొమ్మగా ఉన్నది, ఆ ఒక్క నల్లగీతతో టన్నుల బరువున్న యంత్రమైపోయింది. ఈ తిప్పలన్నీ ఆ క్షణం కోసమే కదండీ.

రెండో కాలికీ రాసి, అంచులు కాటన్ బడ్‌తో తుడిచి, ఆరడానికి నిలబెట్టాను. పావుగంట అయిందేమో. టిక్కుమని చిన్న చప్పుడు. గడియారం అనుకున్నాను. కాసేపాగి ఇంకో టిక్కు. తలెత్తి చూస్తే వాడు నాకేసి వంగుతున్నాడు. చాలా నెమ్మదిగా, ఎంతో మర్యాదగా. కీలు వదులైందేమో, బిగిద్దామని మోకాలి దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని కొంచెం నొక్కాను. కాలు నా చేతిలోనే ఉండిపోయింది. మిగతావాడు బల్ల మీద బోర్లా పడ్డాడు.

విరిగిన అంచు ఎప్పుడైనా చూశారా మీరు? చేత్తో విరిచిన ప్లాస్టిక్ అయితే వంగి, సాగి, తెల్లబడి మరీ విరుగుతుంది. ఇది అలా కాదు. గాజు పెంకు పగిలినట్టు నున్నగా ఉంది. పగులు లోపల, మధ్య దాకా, నల్లగా మీరున్నారు. వేలిముద్రలు వదిలిపెట్టి వెళ్లిన దొంగను చూశాను గానీ, దొంగే అక్కడ ఆరిపోయి ఉండటం ఇదే మొదటిసారి.

తర్వాత చెత్తబుట్ట బోర్లించాను. కత్తిరించి పారేసిన ఖాళీ రన్నర్లన్నీ, అంటే కిట్టు ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాలన్నీ, ఒక్కొక్కటే తిప్పి చూస్తే, మోకాలి ఫ్రేమ్ వచ్చిన బూడిదరంగు రన్నర్ అంచున చిన్న అక్షరాల్లో కనబడింది: ఏబీఎస్. పూర్తి పేరు యాక్రిలోనైట్రైల్ బ్యూటాడైయిన్ స్టైరీన్. రంగును పలుచన చేసే థిన్నర్ తగిలితే పేరు పలికేలోపే విరిగిపోయే రకం. పైకవచాలు పాలిస్టైరీన్, లోపలి ఫ్రేమ్ ఏబీఎస్. కొత్త కిట్లలో చాలావాటికి కీళ్ల దగ్గర కేపీఎస్ అనే గట్టిరకం పాలిస్టైరీన్ పెడుతున్నారు. ఇది కొని తెరవకుండా పేర్చుకున్న నా కిట్ల గుట్టలో అడుగున ఏళ్ల తరబడి పడి ఉన్న పాత కిట్టు. గుట్ట గురించి ఇప్పుడొద్దు, దానికి వేరే ఉత్తరం రాస్తాను.

జిగురు అక్కర్లేకుండా నొక్కితే కూర్చునే కిట్టు కదా ఇది. అంటే పిన్ను కన్నా రంధ్రం వెంట్రుకవాసి చిన్నదిగా ఉంటుందన్నమాట. నొక్కి కూర్చోబెట్టాక ఆ రంధ్రం చుట్టూ ఉన్న ప్లాస్టిక్ జీవితాంతం ఒళ్లు బిగబట్టుకునే ఉంటుంది. మామూలుగా అయితే ఏళ్లకేళ్లు అలాగే భరిస్తుంది. అలా బిగిసి ఉన్నచోటికి మీలోని ఎనామెల్ థిన్నర్ చేరితే మాత్రం, ప్లాస్టిక్‌లోని పొడుగాటి గొలుసులు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. అప్పటిదాకా ఆపుకున్న బిగువంతా ఒక్కసారిగా పగులై బయటపడుతుంది. మరి థిన్నర్ అక్కడికి ఎలా చేరింది? నేను రాసింది పైన కవచం మీది గాడిలో. కవచానికీ ఫ్రేముకీ మధ్య ఉన్న సందు కూడా మీ కళ్లకు గాడే. సన్నటి సందు ఎక్కడ కనబడితే అక్కడికి దానంతటదే పాకే గుణం, కేశనాళికీయత అని బళ్లో చదువుకున్నదే. ఏ గుణం చూసి ఇందాక నేను మురిసిపోయానో, అదే గుణంతో లోపలికి దిగారు. చాప కింద నీరంటే ఏమిటో, తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఏమిటో ఒకే మధ్యాహ్నం ప్రయోగం చేసి చూపించిన మీ బోధనా పటిమకు నా జోహార్లు.

మీరేమంటారో నాకు తెలుసు. ‘సిరా దింపే ముందు గ్లాసీ పూత వేసుకోవాలి కదా? ముక్కలు విడదీసి రాసుకోవాలి కదా? బుడ్డి మీద హెచ్చరిక చదవలేదా?’ హెచ్చరిక చదివాను. కాలు విరిగాక, భూతద్దం పెట్టి. గ్లాసీ పూత కవచాలన్నిటికీ కొట్టాను. కీలుకు కొట్టలేదు, నిజమే. ఎవరికీ కనబడని చోట పూత ఎందుకనుకున్నాను. ఇక విడదీయడమంటారా, విడదీసే వీలుంటే మీకీ ఉత్తరం రాసేవాణ్ణే కాదు.

ఆ పిక్క సంగతి మీకు తెలియాలి. పెట్టెలోంచి వచ్చినప్పుడు వాడివి పొట్టి కాళ్లు. 3 మిల్లీమీటర్లు పెంచితే బాగుంటాడనిపించింది. ఇది 1/100 స్కేలు, 18 మీటర్ల యంత్రం 18 సెంటీమీటర్లకు దిగుతుంది. అంటే అసలు సైజులో పిక్కకు 30 సెంటీమీటర్లు కలిపినట్టు. చిన్న రంపంతో రెండు పిక్కలనూ అడ్డంగా కోశాను. 1 మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు మూడు పొరలుగా అతికించి మధ్యలో దూర్చాను. ఆరాక అంచులు అరగదీశాను. 400 సాండ్‌పేపర్, తర్వాత 600, తర్వాత 800, ఆ తర్వాత 1000. పుట్టీ పెడితే ఎండి కుంగింది. మళ్లీ పెట్టి మళ్లీ అరగదీశాను. అంతా అయ్యాక నిలబెడితే వాడు కుడివైపుకు ఒరిగాడు. కొలిస్తే ఎడమ పిక్క అర మిల్లీమీటరు ఎక్కువొచ్చింది. మళ్లీ కోశాను.

పిక్క ముందుముక్క, వెనకముక్క కలిసే చోట సీమ్ గీత కనబడకూడదని రెంటినీ ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే మోడల్ సిమెంటుతో కలిపేశాను. లోపలి నుంచి ప్లాస్టిక్ కరిగి పైకి ఉబ్బేదాకా నొక్కిపట్టి, వారం ఆరనిచ్చి, ఆ ఉబ్బు అరగదీశాను. అప్పుడు వేలితో రాస్తే అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు. ఫ్రేము దాని లోపలే ఉండిపోయింది. ఇప్పుడు ఆ ఫ్రేము తియ్యాలంటే పిక్క పగలగొట్టాలి. కిట్టు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. ఆ పెట్టెలో 3 మిల్లీమీటర్లు ఉండవు. ఆ కుంగిన పుట్టీ ఉండదు. రెండోసారి కోసేటప్పుడు నా చెయ్యి వణికిన వణుకు ఉండదు.

నీకసలు సిగ్గుందా? ఆరు వారాలు! నువ్వు చెయ్యాల్సిన పని పావుగంట. ఉన్న గాడిలో పారి, ఆరిపోవడం. అంతకుమించి నిన్నెవడూ ఏమీ అడగలేదు. పక్కన చీకటి సందు కనబడగానే దూరిపోవాలా? నీ పక్కనే ఉన్న జిగురుసీసాను చూడు. ప్లాస్టిక్‌ను కరిగించడమే దాని వృత్తి, ఆ మాట దాచకుండా బతుకుతోంది. నువ్వు అలంకారానికి వచ్చినవాడివి. పెళ్లికూతురికి కాటుక పెట్టడానికొచ్చి కాలు విరిచి పోయినవాడివి.

క్షమించాలి. కొంచెం ఆవేశపడ్డాను. మళ్లీ ‘మీరు’కే వస్తున్నాను.

న్యాయంగా మాట్లాడుకుంటే మీ బంధువర్గమంతా అంతే. కత్తిరించే నిప్పర్ గారు ముక్కను రన్నర్‌కు పట్టి ఉంచే గేటును ఎంత దూరంగా కోసినా ముదురురంగు ముక్క మీద తెల్లమచ్చ పెట్టకుండా వదలరు. సూపర్ గ్లూ గారు ఆవిరితోనే పారదర్శక ముక్కలకు మంచు పట్టిస్తారు. మ్యాట్ స్ప్రే గారు గాలిలో తేమ కాస్త ఎక్కువుంటే చాలు, అలిగి నల్లటివాణ్ణి బూడిదగుమ్మడి చేస్తారు. నీళ్లలో నానేసి అంటించే డెకాల్ గారు సరిగ్గా చోటుకు చేరాక తమలో తామే ముడుచుకుంటారు. తల మీది వీ-ఫిన్ కొమ్ము విరగని ఇల్లు ఉందని ఎవరైనా చెబితే, వాళ్లు కిట్టు పెట్టె ఇంకా తెరవలేదని అర్థం. వీళ్లందరినీ నేను ఎప్పుడో క్షమించాను. వీళ్లు చేసే పాడు కళ్లెదుటే చేస్తారు. లోపలికి వెళ్లి చెయ్యరు.

మరో అవమానం కూడా ఉంది. 1980లో జపాన్‌లో మొదటి గన్‌ప్లా వచ్చినప్పుడు అది 1/144 స్కేలు, పన్నెండున్నర సెంటీమీటర్లవాడు. జిగురు పెట్టి అతికించుకోవాల్సిందే, రంగు వేసుకోవాల్సిందే. ఆ రోజుల నుంచి దాన్ని తయారుచేసేవాళ్లు 1990లో హై గ్రేడ్, 1995లో మాస్టర్ గ్రేడ్, 1998లో పర్ఫెక్ట్ గ్రేడ్ అంటూ కిట్ల రకాల్లో ఎక్కుతూ పోయి, 2009లో టోక్యో ఒదైబాలో ఏకంగా 18 మీటర్లవాణ్ణి ఆరుబయట నిలబెట్టారు. 2020 డిసెంబరులో యొకొహామాలో ఇంకొకణ్ణి కదిలించారు కూడా. వాడు 2024 మార్చి దాకా అడుగు ఎత్తి దించి, మోకాలు మడిచి చూపించాడు. వెనక నుంచి నడుం దగ్గర ఓ ఆధారం పట్టుకుని ఉండేదనుకోండి. అయినా సముద్రపుగాలికి ఎదురుగా అంత బరువు మోసిన మోకాలు అది. నావాడు 18 సెంటీమీటర్లవాడు. తలుపులు మూసిన గదిలో, ఫ్యాన్ కూడా ఆపి, బల్ల మీద నిలబడ్డవాడు పావుగంట నిలబడలేకపోయాడు.

ఈ నాలుగు రోజుల్లో మీకు బదులు వేరేవాళ్లను వెతకలేదని అనుకోకండి. సన్నమొన పెన్ను తెచ్చి ఓ పాత చేతి మీద గీశాను. గాడిలో సగం దూరమే వెళ్లి పక్కకు జారింది. మెకానికల్ పెన్సిల్ ప్రయత్నించాను. బూడిదరంగు తెల్లకవచానికి బాగానే నప్పింది గానీ, మూలల దగ్గర పిల్లల డ్రాయింగ్ పుస్తకంలా ఉంది. నీళ్లతో కలిపే రంగు రాస్తే చుక్కచుక్కలుగా నిలబడిపోయింది, నెట్టినా కదల్లేదు. చివరికి అర్ధరాత్రి లేచి, పనికిరాని ముక్కొకటి తీసుకుని, మీ మూత తిప్పి, ఒక్క చుక్క ఆనించాను. ఎందుకంటే ఏం చెప్పను. పారింది చూడండీ. మూల తిరిగింది చూడండీ. దీపం కింద పెట్టుకుని చాలాసేపు చూశాను. తర్వాత మళ్లీ తిట్టుకుంటూ మూత బిగించాను.

వైద్యం మొదలుపెట్టాను. విరిగిన రెండు ముఖాలకూ నడుమ చేత్తో తిప్పే డ్రిల్లుతో 1 మిల్లీమీటరు రంధ్రం వేసి, ఇత్తడి పుల్ల దింపి, సిమెంటుతో కలుపుతున్నాను. మోకాలు ఇక మడవడు. నిటారుగా నిలబడే ఉంటాడు, పోనివ్వండి, యుద్ధం చేసింది చాలు. కుడి మోకాలు ఇంకా విరగలేదు. దానికి గ్లాసీ పూత మూడుసార్లు కొట్టాను, కనబడని చోట కూడా. అక్కడికి మీరు వెళ్లరాదు. వెళితే ఈసారి మూత తెరిచి కిటికీలో పెడతాను, ఎండి చస్తారు.

ఇట్లు,
మీ వల్ల నష్టపోయి, మీరు లేక పొద్దుపోని
మూడోవాడి తాలూకు మనిషి

తా.క.: ఆ కుడి మోకాలికీ పగులుందని పూత కొట్టేటప్పుడే చూశాను. పిన్ను దగ్గర మొదలై ఫ్రేము మీదుగా వెలుపలికి వచ్చి ఆగింది. దాన్నిండా మీరే నిండి ఉన్నారు. వెంట్రుక మందాన, ఎక్కడా వణకకుండా, నా చిజెల్‌తో నేను చెక్కిన ఏ గీతా అంత నిటారుగా రాలేదు. ఫొటో పంపితే మావాడొకడు, ‘మోకాలి పక్కన ఆ గీత ఎంత బాగా చెక్కావురా’ అన్నాడు. చాలా కష్టపడ్డానని చెప్పాను.